తిథి రాసి రప్పించిన అతిథులు

అతిథి అనే మాటకు మన పెద్దలు చెప్పే వ్యుత్పత్తి ఒకటుంది. తిథి నియమం లేకుండా వచ్చేవాడే అతిథి. ఎప్పుడు వస్తాడో తెలియదు, ఎన్నాళ్లుంటాడో అడగడం మర్యాద కాదు. పశ్చిమ జర్మనీ కూడా గత శతాబ్దంలో తన గనులకూ కర్మాగారాలకూ రప్పించుకున్న పరదేశీయులను ‘అతిథి కార్మికులు’ అనే పిలిచింది. కాని వారి విషయంలో తిథి ముందే నిర్ణయమై ఉంది. 1961 అక్టోబరు 30న టర్కీతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఒక్కొక్క కార్మికుడు రెండేళ్లు పనిచేసి ఇంటిదారి పట్టాలి. అతని స్థానంలోకి మరొకడు రావాలి.

ఇస్తాంబుల్‌లో జర్మన్ అధికారుల కార్యాలయం ముందు అనటోలియా పల్లెల నుంచి వచ్చిన యువకులు బారులు తీరారు. పళ్లు చూశారు, కళ్లు చూశారు, రక్తమూ మూత్రమూ పరీక్షించారు. పనికి పనికొచ్చే శరీరాలను ఎంచి, సిర్కెజి స్టేషన్‌లో రైలెక్కించారు. ఆ రైళ్లు మ్యూనిక్ స్టేషన్‌లో పదకొండో నంబరు ప్లాట్‌ఫారం మీద వారిని దించాయి. అక్కడి నుంచి ఎవరు రూర్ బొగ్గు గనులకో, ఎవరు కొలోన్ కార్ల కర్మాగారానికో పంపకాలు జరిగాయి. ఇటలీతో 1955లో మొదలైన ఇలాంటి ఒప్పందాలు స్పెయిన్, గ్రీసు, మొరాకో, పోర్చుగల్, ట్యునీషియా, యుగోస్లావియాల దాకా సాగాయి. 1973 వరకూ వచ్చినవారు దాదాపు 1 కోటి 40 లక్షల మంది అనీ, వారిలో 1 కోటి 10 లక్షల మంది తిరిగి వెళ్లిపోయారనీ లెక్క. మిగిలినవారు ఉండిపోయారు. ఈ సంచికలో మేము మాట్లాడుతున్నది ఆ ఉండిపోయినవారి గురించీ, వారి బిడ్డల గురించీ.

వారు ఉండిపోవడానికి కారణం వారి మొండితనం కాదు. రెండేళ్ల నిబంధనను మొదట కాదన్నది జర్మన్ యజమానులే. పని నేర్పిన మనిషిని పంపించి, పని రాని మనిషిని మళ్లీ తెచ్చుకోవడం వారికి నష్టం. అందుకే 1964లో టర్కీ ఒప్పందంలోంచి ఆ గడువు తొలగిపోయింది. 1973 నవంబరులో, చమురు సంక్షోభం నడుమ, ప్రభుత్వం నియామకాలను నిలిపివేసినప్పుడు మరో చిక్కు వచ్చింది. ఒకసారి వెళితే మళ్లీ రానివ్వరని తెలిసిన కార్మికుడు వెళ్లడం మానేసి భార్యాబిడ్డలను పిలిపించుకున్నాడు. తలుపు మూయడమే లోపలివారిని కుదురుకునేలా చేసింది. 1983లో హెల్ముట్ కోల్ ప్రభుత్వం వెళ్లిపోయేవారికి 10,500 మార్కులూ, బిడ్డకు 1,500 చొప్పున అదనంగానూ ఇస్తామని చట్టం చేసింది. అంతకు నాలుగేళ్ల క్రితమే, 1979లో, పరదేశీయుల వ్యవహారాలకు ప్రభుత్వమే నియమించిన ప్రతినిధి హైంజ్ క్యూన్, వీరు వలస వచ్చి స్థిరపడినవారని ఒప్పుకోండి, ఇక్కడ పుట్టిన పిల్లలకు పౌరసత్వం కోరుకునే హక్కు ఇవ్వండి అని నివేదిక సమర్పించి ఉన్నాడు. ఆ నివేదికను అటకెక్కించారు.

ఎందుకు ఎక్కించారో తెలియాలంటే 1913 నాటి చట్టం చూడాలి. కైజరు కాలపు ఆ శాసనం ప్రకారం జర్మన్ పౌరసత్వం పుట్టిన నేలను బట్టి కాక తండ్రి రక్తాన్ని బట్టి వచ్చేది. తల్లి రక్తానికి సైతం సమాన విలువ దక్కింది 1975లోనే. కొలోన్‌లో పుట్టి, కొలోన్ బడిలో చదివి, జర్మన్ తప్ప మరో భాషలో ఉత్తరం రాయలేని టర్కీ కార్మికుని మనవడు చట్టం దృష్టిలో పరదేశి. రెండువందల ఏళ్ల క్రితం రష్యా రాణి కాథరిన్ పిలుపు మీద వోల్గా తీరానికి వెళ్లి స్థిరపడిన జర్మన్ రైతుల సంతతివాడు, జర్మన్ మాట్లాడలేకపోయినా, వచ్చిన వెంటనే పౌరుడు. 1990 ఒక్క సంవత్సరంలోనే అలా తూర్పు ఐరోపా, సోవియట్ దేశాల నుంచి దాదాపు 4 లక్షల మంది వచ్చారు. స్టాలిన్ కాలంలో ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించబడి నానా బాధలూ పడిన జనం వారు. వారికి దక్కిన ఆశ్రయాన్ని చూసి మాకు కన్నుకుట్టడం లేదు. ఒకే దేశంలో ఒకరికి గుమ్మం, మరొకరికి గోడ ఎందుకయిందన్నదే మా ప్రశ్న.

పరదేశీయులకు పౌరసత్వం ఇవ్వడం అసలు లేదని కాదు. అయితే అది అధికారి చేతిలోని వరం. 1977 నాటి మార్గదర్శకాలు పచ్చిగానే చెప్పాయి: జర్మనీ వలసల దేశం కాదు, పౌరసత్వం ఇవ్వడానికి ప్రజాప్రయోజనం ఉండాలి, దరఖాస్తుదారుని కోరిక, అవసరం నిర్ణాయకం కావు. పదేళ్లు, పదిహేనేళ్లు పన్ను కట్టిన మనిషి నేను ఇక్కడివాణ్ణని నిరూపించుకున్నా చాలదు, నా వల్ల దేశానికి ఏమి లాభమో కూడా చెప్పుకోవాలి. పౌరుడు కానివానికి ఓటు లేదు. హాంబుర్గ్, ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రాలు కనీసం స్థానిక ఎన్నికల్లోనైనా వీరికి ఓటిద్దామని చూస్తే, 1990 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాలను కొట్టివేసింది. ప్రజలంటే జర్మన్ పౌరులేనంది. ఆ తీర్పులోనే, ఏళ్ల తరబడి పాలనకు లోబడి ఉన్నవారికి ఓటు లేకపోవడం బాధగా తోస్తే పౌరసత్వ చట్టాన్నే మార్చుకోండని శాసనకర్తలకు దారి కూడా చూపింది. తలుపు మూసిన చేతితోనే తాళంచెవి ఎక్కడుందో చెప్పినట్లయింది.

ఆ తాళంచెవి కోసం వెతుకుతున్న రోజుల్లోనే ఇళ్లు కాలాయి. 1992 నవంబరులో మ్యోల్న్ పట్టణంలో నవనాజీలు పెట్టిన మంటల్లో టర్కీ కుటుంబానికి చెందిన ముగ్గురు మరణించారు. 1993 మే 29న జోలింగెన్‌లో గెంచ్ కుటుంబం నిద్రలో ఉండగా ఇంటికి నిప్పు పెట్టారు. అయిదుగురు ఆడపిల్లలూ యువతులూ ఆహుతయ్యారు. మెవ్లూదె గెంచ్ అనే తల్లి ఇద్దరు కూతుళ్లనూ, ఇద్దరు మనవరాళ్లనూ, మేనకోడలు వరసైన పిల్లనూ ఒకే రాత్రి పోగొట్టుకున్నది. ఆ ఘటనకు మూడు రోజుల ముందే పార్లమెంటు శరణార్థుల హక్కును కుదిస్తూ రాజ్యాంగాన్ని సవరించి ఉంది. ఒక నెల తరువాత, జూలై 1 నుంచి, ఏళ్ల తరబడి ఉన్నవారికి పౌరసత్వం వరంగా కాక హక్కుగా లభించే నిబంధన అమలులోకి వచ్చింది. ఆ హక్కుకు పదిహేనేళ్ల నివాసం కావాలి. యువతకు ఎనిమిదేళ్లు చాలు. సంఖ్యలో చిన్న మార్పే గాని, స్వభావంలో పెద్దది. హక్కయిన దాన్ని కాదంటే న్యాయస్థానం తలుపు తట్టవచ్చు. వరం ఇవ్వకపోతే తట్టడానికి తలుపే లేదు.

రక్తం చట్టం కదిలింది 2000 జనవరి 1న. ష్రోడర్ నాయకత్వంలోని ప్రభుత్వం రెండు పౌరసత్వాలకూ వీలు కల్పించే చట్టం తేబోతే, ప్రతిపక్షం 1999 ఆరంభంలో ఊరూరా బల్లలు వేసి సంతకాలు సేకరించింది. దాదాపు 50 లక్షల సంతకాలు పడ్డాయి. టర్కీవాళ్లకు వ్యతిరేకంగా ఎక్కడ సంతకం పెట్టాలి అని కొందరు ఆ బల్లల దగ్గరికొచ్చి అడిగారని ఆనాటి పత్రికలు రాశాయి. హెస్సె రాష్ట్ర ఎన్నికల్లో అధికారపక్షం ఓడి ఎగువసభలో మెజారిటీ పోయింది. చివరికి రాజీ మిగిలింది. తల్లిదండ్రుల్లో ఒకరు ఎనిమిదేళ్లుగా సక్రమంగా నివసిస్తూ ఉంటే, జర్మనీలో పుట్టిన బిడ్డ పుట్టుకతోనే జర్మన్ పౌరుడు. పెద్దలకు నివాస గడువు ఎనిమిదేళ్లు. అయితే రెండు పౌరసత్వాలున్న ఆ బిడ్డ పద్దెనిమిది, ఇరవైమూడేళ్ల మధ్య ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకోకపోతే జర్మన్ పౌరసత్వం పోతుంది. కన్నతల్లా, పెంచినతల్లా అని పిల్లవాణ్ణి కోర్టు బోనులో నిలబెట్టి అడిగినట్లు! ఇటలీ, ఫ్రాన్సు సంతతి పిల్లలకు ఈ బోను లేదు. ఐరోపా కూటమి వారికి రెండూ ఉండవచ్చు. పౌరసత్వం వదులుకోనివ్వని ఇరాన్, మొరాకో వంటి దేశాల వారికీ మినహాయింపు దొరికేది. ఇక్కడే పెరిగిన పిల్లలకు ఈ షరతు సడలింది 2014 డిసెంబరులో.

పెద్దలకు జరిగింది మరీ విచిత్రం. 2000కు ముందు టర్కీ పౌరులు చేసుకున్న ఉపాయం ఒకటుండేది: టర్కీ పౌరసత్వం వదిలి జర్మన్ పౌరసత్వం తీసుకుని, తరువాత టర్కీ దౌత్య కార్యాలయానికి వెళ్లి పాతదాన్ని తిరిగి పొందేవారు. సొంత ఊరిలో తాతల నాటి పొలం ఉండటమో, ముసలి తల్లిదండ్రులు ఉండటమో కారణం. జర్మనీలోనే నివసిస్తున్నంత వరకు చట్టం దాన్ని పట్టించుకునేది కాదు. 2000 చట్టం ఆ సందు మూసివేసింది. సందు మూసిన సంగతి చాలామందికి ఎక్కలేదు. 2005లో ఇళ్లకు ప్రశ్నాపత్రాలు రావడం మొదలైంది. నిజం చెప్పినవారు తాము ఏనాడో జర్మన్ పౌరులు కాకుండా పోయామని ఆ కాగితాల వల్లనే తెలుసుకున్నారు. అలా దాదాపు 50 వేల మంది పౌరసత్వం ఎవరూ రద్దు చేయకుండానే, ఏ తీర్పూ లేకుండానే ఆవిరయింది. ఆ ఏడాది ఎన్నికల్లో వారి ఓటు కూడా పోయింది. పౌరసత్వం గురించి కాగితాలు అడగడమంటే ఏమిటో మన పాఠకులకు మేము విడమరచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడున్న పద్ధతి ఇది. 2024 జనవరిలో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఆ ఏడాది జూన్ 27 నుంచి అమలులో ఉంది. సక్రమమైన నివాసం అయిదేళ్లు. పాత పౌరసత్వం వదులుకోవాలనే షరతు తొలగింది. జర్మన్ భాష మధ్యస్థాయిలో రావాలి. ఐరోపా కొలతలో దాన్ని బి1 అంటారు. గుర్తింపు తేలాలి, పెద్ద నేరాల శిక్ష ఉండకూడదు, రాజ్యాంగ వ్యవస్థకు కట్టుబడతానని ప్రకటించాలి, యూదుల రక్షణ విషయంలో జర్మనీకి గల చారిత్రక బాధ్యతను అంగీకరించాలి. ఒక పరీక్ష రాయాలి: ముప్పైమూడు ప్రశ్నల్లో పదిహేడింటికి సరైన జవాబు చాలు. మొత్తం 310 ప్రశ్నలనూ ముందే బయటపెట్టారు. చదువుకున్నవాడు తప్పడం కష్టం. రుసుము 255 యూరోలు, తల్లిదండ్రులతో పాటు పొందే పిల్లలకు 51. ఇవన్నీ ఉంటే ఇవ్వక తప్పదు.

ఈ చట్టంలో మాకు నచ్చిన అంశం ఒకటి, గుచ్చుకున్న అంశం ఒకటి ఉన్నాయి. నచ్చినది: 1974 జూన్ నెలాఖరు లోపు పశ్చిమ జర్మనీకి రప్పించబడిన తొలితరం కార్మికులు ఆ పరీక్ష రాయనక్కరలేదు, రాతలో భాష నిరూపించనక్కరలేదు. రోజువారీ మాటల్లో తడబడకుండా మాట్లాడగలిగితే చాలు. తూర్పు జర్మనీకి వియత్నాం, మొజాంబిక్‌ల నుంచి వచ్చిన ఒప్పంద కార్మికులకూ అంతే. బొగ్గు గనిలోకి దించి, సాయంత్రం బడికి పంపని రాజ్యం నీకు వ్యాకరణం రాదేమని అడగడంలోని సిగ్గును ఆ రాజ్యమే గ్రహించింది. గ్రహించేసరికి ఆ తరంలో చాలామంది మట్టిలో కలిసిపోయారు. గుచ్చుకున్నది: ప్రభుత్వ సహాయం లేకుండా సొంత సంపాదనతో బతకాలన్న నిబంధనను బిగించారు. పూర్వం, తన తప్పు లేకుండా పేదరికంలో పడినవారికి మినహాయింపు ఉండేది. ఇప్పుడది తొలితరం కార్మికులకూ, గత రెండేళ్లలో ఇరవై నెలలు పూర్తికాలం పనిచేసినవారికీ, అటువంటి వారితో చిన్నబిడ్డతో ఉంటున్న జీవిత భాగస్వామికీ మాత్రమే మిగిలింది. మంచాన పడ్డ తల్లికి సేవ చేస్తూ ఉద్యోగానికి వెళ్లలేని కూతురు, ఒంటరిగా పిల్లలను సాకే స్త్రీ, వికలాంగుడు బయటే నిలబడ్డారు. అర్హత ఉన్నవారి గతి కూడా అంత సుఖంగా లేదు. దరఖాస్తులు నెలలూ, చాలా నగరాల్లో ఏళ్లూ పేరుకుంటున్నాయి. మూడు నెలల్లో తగిన కారణం లేకుండా నిర్ణయం చెప్పకపోతే పరిపాలనా న్యాయస్థానంలో దావా వేయవచ్చుననే నియమం ఉంది గనుక వకీలును పెట్టుకోగలవారు ముందుకు జరుగుతున్నారు.

ముస్లింలకు సంబంధించి ఈ చరిత్రలో రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంది. 2006 జనవరి నుంచి బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రం పౌరసత్వ అధికారుల చేతికి ముప్పై ప్రశ్నల పట్టిక ఒకటి ఇచ్చింది. అందరినీ అడగడానికి కాదది. ఇస్లామీ సదస్సు సంస్థలో సభ్యులైన 57 దేశాల నుంచి వచ్చినవారిని ఉద్దేశించినది. భార్య భర్తకు విధేయంగా ఉండాలా, నీ కొడుకు స్వలింగ సంపర్కినని చెబితే ఏమి చేస్తావు అని అందులో ఉన్నాయి. ఆ ప్రశ్నలకు బవేరియా పల్లెల్లోని ముసలి కాథలిక్కులు ఏమి జవాబు చెబుతారో కనుక్కోవాలని ఎవరికీ తోచలేదు. దేశమంతటా దుమారం రేగింది. 2008 సెప్టెంబరులో దేశమంతటికీ ఒకే రాతపరీక్ష వచ్చింది. మేము పైన చెప్పిన ముప్పైమూడు ప్రశ్నలు అవే. ఆ రాష్ట్రంలో 2011లో ప్రభుత్వం మారాక పాత పట్టిక పోయింది. ఒకే పరీక్ష అందరికీ పెడితే మాకు అభ్యంతరం లేదు. అది కష్టంగా ఉన్నా ఫర్వాలేదు. ముఖం చూసి ప్రశ్న మార్చడమే అన్యాయం.

రెండోది ఇటీవలిది. లెబనాన్ నుంచి 2002లో వచ్చి, జర్మనీలోనే వైద్యం చదివి, ఆస్పత్రిలో పనిచేస్తున్న ఒక వైద్యుడు పరీక్షలో పూర్తి మార్కులతో నెగ్గాడు. పౌరసత్వ పత్రం అందిస్తూ మహిళా అధికారి చేయి చాపితే, పరస్త్రీకి కరచాలనం చేయనని భార్యకు మాట ఇచ్చానని చేయి కలపలేదు. పత్రం వెనక్కి వెళ్లింది. 2020లో మాన్‌హైమ్ ఉన్నత పరిపాలనా న్యాయస్థానం కూడా అధికారులనే సమర్థించింది. లింగసమానత్వాన్ని అతడు అంగీకరించడం లేదనీ, అప్పటికే మహమ్మారి వల్ల ప్రపంచమంతా కరచాలనం మానుకున్నా ఆ ఆచారం అంతరించదనీ తీర్పు. ఈ విషయంలో ముస్లింలలో అందరిదీ ఒకే పద్ధతి కాదు. చేయి కలిపేవారున్నారు, గుండె మీద చేయి పెట్టి గౌరవం తెలిపేవారున్నారు. ఎదుటి స్త్రీకి అది అవమానంగా తోచవచ్చుననే మాటను కూడా మేము తోసిపుచ్చం. కాని రాజ్యం తూచవలసింది అతడు స్త్రీ రోగికి సరిగా వైద్యం చేశాడా, మహిళా పైఅధికారి ఆదేశం పాటించాడా అన్నవి. రోగుల నాడి పట్టిన ఏళ్లకు తూకంలో విలువ లేకపోయింది, కలపని ఒక్క చేతికి ఉన్నది.

2024లో దాదాపు 2 లక్షల 92 వేల మంది జర్మన్ పౌరులయ్యారు. 2023లో సుమారు 2 లక్షలు. అందులో 83 వేల పైచిలుకు సిరియా నుంచి వచ్చినవారు, తరువాతి స్థానం టర్కీవారిది. ఎదురుగాలి కూడా వెంటనే వీచింది. ప్రత్యేక ప్రతిభ కనబరచినవారికి మూడేళ్లకే పౌరసత్వం ఇచ్చే మార్గాన్ని 2025 అక్టోబరులో పార్లమెంటు రద్దు చేసింది. అది చిన్న విషయం. పెద్ద విషయం అదే ఏడాది ఆరంభంలో, ఎన్నికలకు ముందు, ప్రస్తుత ప్రధాని ఫ్రీడ్రిష్ మెర్ట్స్ అన్న మాట: రెండు పౌరసత్వాలున్నవారు నేరం చేస్తే జర్మన్ పౌరసత్వం తీసివేయగలగాలి అని. అది చట్టం కాలేదు. అయితే ఆ ఆలోచన ఎక్కడికి దారితీస్తుందో చూడండి. ఒకే నేరానికి ఒక జర్మన్ జైలుకు వెళతాడు. టర్కీ తాత ఉన్న జర్మన్ జైలుకూ వెళతాడు, దేశం నుంచీ వెళతాడు. పౌరసత్వం తీసివేయరాదని జర్మన్ రాజ్యాంగం పదహారో అధికరణం ఊరికే రాయలేదు. 1933 నుంచి నాజీలు యూదుల, ప్రత్యర్థుల పౌరసత్వాలను రద్దు చేశారు. 1935లో న్యూరెంబెర్గ్ చట్టాలతో ప్రజలను రెండు తరగతులుగా విడదీశారు. విదేశాలకు తరలిపోయిన యూదుల పౌరసత్వం 1941లో మూకుమ్మడిగా లాగేశారు. తరువాత జరిగింది లోకానికి తెలుసు. ఆ బూడిదలోంచి వచ్చిన అధికరణం అది.

ఇంత దూరపు సంగతి తెలుగు మాసపత్రికకు ఎందుకని అడిగేవారికి రెండు మాటలు. హైదరాబాదు నుంచీ, కోస్తా పట్టణాల నుంచీ వెళ్లిన ఇంజనీర్లు, విద్యార్థులు బెర్లిన్, మ్యూనిక్ నగరాల్లో ఇప్పుడు ఈ దరఖాస్తులు నింపుతున్నారు. వారికి జర్మనీ రెండో పౌరసత్వం వద్దనడం లేదు; మన దేశం వద్దంటున్నది. మన రాజ్యాంగం తొమ్మిదో అధికరణమూ, 1955 చట్టమూ ప్రకారం జర్మన్ పౌరసత్వం స్వీకరించిన క్షణాన భారత పౌరసత్వం పోతుంది. మిగిలేది విదేశీ భారతీయ కార్డు, దానితో ఓటు రాదు. గల్ఫుకు వెళ్లిన మన కరీంనగర్, కడప సోదరులకు ఈ ఎంపిక సైతం లేదు. నలభై ఏళ్లు మేస్త్రీ పని చేసినా అక్కడ వీసా గడువే వారి తిథి.

రెండో మాట. జర్మనీ 1913లో రక్తంతో మొదలుపెట్టి, 2000లో నేల దగ్గరికి వచ్చింది. మనం ఎదురుదిశలో నడిచాం. 1955 చట్టంలో ఈ నేల మీద పుట్టిన బిడ్డ పౌరుడు. 1987 జూలై నుంచి తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబరు నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. 2019 సవరణతో మూడు పొరుగు దేశాల నుంచి వచ్చినవారికి నివాస గడువు పదకొండేళ్ల నుంచి అయిదేళ్లకు తగ్గింది. అయితే ఆరు మతాలను పేరుపేరునా చెప్పి, ముస్లింను వదిలేశారు. అయిదేళ్లు అక్కడా అయిదే, ఇక్కడా అయిదే. అక్కడ లెక్కపెట్టేది సంవత్సరాలను, ఇక్కడ ముందు చూసేది మతాన్ని. బాడెన్-వ్యూర్టెంబెర్గ్ అయిదేళ్లలో చెత్తబుట్టలో వేసిన పట్టిక వంటిదాన్ని మనం పార్లమెంటులో చట్టంగా చేసుకుని, 2024 మార్చిలో నియమావళి కూడా ప్రకటించుకున్నాం.

జోలింగెన్ తల్లి మెవ్లూదె గెంచ్ కథ మిగిలి ఉంది. బిడ్డలను పోగొట్టుకున్న ఆమె టర్కీకి వెళ్లిపోతుందని చాలామంది అనుకున్నారు. వెళ్లలేదు. రెండేళ్ల తరువాత, 1995లో, ఆమె జర్మన్ పౌరసత్వం తీసుకుంది. పగ వద్దని చివరిదాకా చెబుతూ వచ్చింది. 2012లో జర్మనీ రాష్ట్రపతిని ఎన్నుకోవడానికి సమావేశమైన సభలో ఆమె కూడా ఒక సభ్యురాలు. తన ఇంటిని కాల్చిన దేశానికి అధ్యక్షుడెవరో నిర్ణయించే ఓట్లలో ఒకటి ఆ రోజు ఆమెది. 2022లో కన్నుమూసింది.